ఇంగువ కాఫీ

జ్ఞానప్రసూన ముప్పయ్యేళ్ళకు పైగా మత్తు డాక్టరుగా పనిచేసింది. అమెరికాలో షికాగో శివార్లలో, అరోరాకు దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ బల్లకు తలవైపు కూర్చుని, ఇతరుల ఊపిరిని కనిపెట్టుకుని ఉండడమే ఆమె ఉద్యోగం. చిన్నపిల్లలకు మాస్కు పెట్టే ముందు దానికి ఏ వాసన కావాలో అడగడం అక్కడి పద్ధతి. స్ట్రాబెరీనా, బబుల్‌గమ్మా, ఆరెంజా అని అడిగి, పిల్లలు కోరుకున్నది మాస్కు లోపల రాసి, ముందు తను వాసన చూసి కళ్ళు పెద్దవి చేసేది. ఆ కళ్ళు చూసి ఏడుపు మానేసిన పిల్లలు చాలామంది ఉన్నారు.

ఇంటికి వస్తే ఆమె కాఫీ మనిషి. తణుకులో వాళ్ళింట్లో తెల్లవారేది గింజలు వేగుతున్న వాసనతోనే. తల్లి ఇనప మూకుడులో వేయించి, చేతి మరలో ఆడించి, ఇత్తడి ఫిల్టరులో డికాక్షన్ దించేది. కాకినాడలో మెడిసిన్ చదివే రోజుల్లో ప్రసూన హాస్టలు కాఫీ తాగలేక గదిలోనే కిరసనాయిలు స్టవ్ మీద కాచుకుని వార్డెను చేత చీవాట్లు తిన్నది. అమెరికా వచ్చిన కొత్తలో ఆసుపత్రి కాఫీ ఒక గుక్క తాగి, ఎవరో కాఫీ గిన్నె కడిగిన నీళ్ళు ఇచ్చారనుకుంది. ఆ తరువాత షికాగో వెళ్ళినప్పుడల్లా డెవాన్ వీధిలోని ఇండియన్ షాపుల్లో చికోరీ కలిపిన పొడి తెచ్చుకుని, పెళ్ళిలో పుట్టింటివారు పెట్టిన ఫిల్టరుతోనే ఏళ్ళ తరబడి కాలక్షేపం చేసింది.

రిటైరైన రోజున ఆపరేషన్ థియేటరు నర్సులు ఆమెకు ఇథియోపియా గింజల పొట్లం ఒకటి కానుకగా ఇచ్చారు. ఇంటికి తెచ్చి కత్తిరించగానే మల్లెపూలూ, బాగా ముగ్గిన నేరేడు పళ్ళూ కలిసినట్టు వాసన వచ్చింది. ఇందులో ఏదో ఎసెన్సు కలిపారని ఆమె గట్టిగా నమ్మింది. పొట్లం మీది చిన్న అక్షరాలన్నీ చదివాక గానీ తెలియలేదు, అందులో కాఫీ గింజలు తప్ప మరేమీ లేవని. తోట ఎంత ఎత్తున ఉంది, పండు ఎలా ఎండబెట్టారు, ఎంత తేలికగా వేయించారు అన్నదాన్ని బట్టి గింజ వాసన మారుతుందట. ఇన్నాళ్ళూ కాఫీ అంటే ఒకే వాసన అనుకున్న మనిషికి ఇది పెద్ద వార్త. ఇక ఆగలేదు. మంచి గ్రైండరు వచ్చింది, కొంగ మెడలాంటి మూతి ఉన్న కెటిల్ వచ్చింది, గరాటు, దానిలోకి కాగితం ఫిల్టర్లు, చిన్న తూకం వచ్చాయి. పొడి మీద వేడినీళ్ళు సన్నటి ధారగా తిప్పుతూ పోసి, అది పొంగి బుడగలు వేస్తుంటే మీదికి వంగి వాసన చూడడం ఆమెకు పొద్దుటి పూజలాంటిది.

భర్త యోగానంద్ రాష్ట్ర ప్రభుత్వంలో వంతెనల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పొడగరి, నెమ్మదస్తుడు, మాట పొదుపు. భార్య చేతికి ఇచ్చిన కాఫీ తాగి "బావుంది" అనడం ఆయన అలవాటు. చికోరీ డికాక్షనుకూ అదే మాట, ఇథియోపియా గింజలకూ అదే మాట.

శనివారం ఉదయం ఇద్దరు మిత్రులు కాఫీకి వచ్చేవారు. ఒకరు సూర్యప్రకాశరావు, రిటైరైన గుండె డాక్టరు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. రెండోది సుధ, పక్క ఊరు నేపర్‌విల్‌లో ఫార్మసిస్టు, ప్రసూనను అక్కా అని పిలిచేది. మొదటిసారి పాలూ పంచదారా లేని కాఫీ ఇచ్చినప్పుడు రావుగారు ఇది కాఫీ కాదు కషాయం అన్నాడు. నాలుగు వారాలు తిరిగేసరికి, ఈసారి ఏ దేశం గింజలు అని గుమ్మంలోనే అడగడం మొదలుపెట్టాడు. గుడి క్యాంటీన్‌లోనూ, ఉగాది పార్టీల్లోనూ ఆమెకు కాఫీ ప్రసూన అని పేరు పడింది. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టమే.

కోవిడ్ ఉధృతం తగ్గి, అందరూ మాస్కులు తీసేసిన తరువాతి శీతాకాలం మొదట్లో ఆమెకు జలుబు చేసింది. పరీక్ష చేసుకుంటే పాజిటివ్. రెండు రోజులు జ్వరం, నాలుగు రోజులు దగ్గు, అంతే. పెద్దగా బాధపడలేదు గానీ వాసన పోయింది. అది మామూలేనని, వారాల్లో వస్తుందని ఆమెకు తెలుసు. వచ్చింది కూడా, కానీ తిరగబడి వచ్చింది. ఉల్లిపాయ వేయిస్తే కుళ్ళిన చెత్త. స్నానం సబ్బు పెట్టుకుంటే పెట్రోలు. అన్నిటికన్నా ఘోరం కాఫీ. గ్రైండరు తిరగగానే టైరు కాలుతున్నట్టు, దాని వెనకే మురుగు కాలవ పొంగినట్టు వాసన వచ్చి కడుపులో తిప్పేది.

ఈ జబ్బును ఏమంటారో ఆమెకు తెలుసు. దీనికి పెద్దగా మందు లేదనీ, కొందరికి ఎప్పటికీ పూర్తిగా తగ్గదనీ కూడా తెలుసు. తెలిసిన సంగతిని నలుగురికీ చెప్పి అయ్యో అనిపించుకోవడం దేనికని ఊరుకుంది. భర్త అడిగితే, వాసన మెల్లగా వస్తోందిలెండి అంది. శనివారాలు మానలేదు. చేతికి అలవాటైన పని కనక ఊపిరి బిగబట్టి, తూకం చూసుకుని, నీళ్ళు పోసి కప్పులు అందించేది. తన కప్పు పెదవులకు ఆనించి దించేసి, తరువాత సింకులో పారబోసేది.

ఒక శనివారం కొలంబియా గింజలు కొత్తగా వచ్చాయి. వాటిని డిష్‌వాషర్‌లో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో ముందురోజే పోసి పెట్టింది. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. సుధ ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, మరో గుక్క తాగింది. రావుగారు ఏ దేశమని అడగకుండా తాగేశాడు. యోగానంద్ "బావుంది" అన్నాడు. ఆ రోజు కబుర్లు ఎందుకో త్వరగా ముగిశాయి.

వాళ్ళు వెళ్ళిన రెండు నిమిషాలకు సుధ స్కార్ఫు కుర్చీ మీద ఉండిపోవడం ప్రసూన చూసింది. అది తీసుకుని బయటికి వచ్చింది. ఇద్దరూ రావుగారి కారు పక్కన ఇటు వీపు పెట్టి నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"ఇంగువ వాసన, సుధా. కాఫీ కాదు, చారు తాగినట్టుంది. ఆవిడకి తెలియనే లేదు," అంటున్నాడు రావుగారు. "మా అన్నయ్యకి మెమరీ ప్రాబ్లమ్ ఇలాగే స్టార్ట్ అయింది. యోగానంద్‌తో మాట్లాడాలి."

"తొందరపడకండి రావుగారూ. అక్క ఏదో ధ్యాసలో ఉండి ఉంటుంది," అంది సుధ. ఆ గొంతులోనూ భయం ఉంది.

ప్రసూన అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చేసింది. వంటింట్లోకి వెళ్ళి ఆ సీసా మూత తీసి చూసింది. మూతకున్న రబ్బరు వలయం పసుపుగా ఉంది. అది ఇన్నాళ్ళూ ఇంగువ పోసిన సీసా. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. కాలిన టైరు తప్ప మరేమీ లేదు. ఊరంతటికీ తెలిసే ఇంగువ కూడా తనకు తెలియలేదు.

యోగానంద్ కప్పులు సింకులో పెడుతున్నాడు. కాఫీ ఎలా ఉందని ఆమె అడిగింది. బావుందన్నాడు. నిజం చెప్పమంది.

"కొంచెం ఇంగువ తగిలింది."

"మరి బావుంది అన్నారేం?"

ఆయన చేతిలోని కప్పు సింకులో దించి, "నువ్వు ఇచ్చావు కదా," అన్నాడు.

ఆ మాటకు ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిటినీ మింగేసింది. నలభై ఏళ్ళుగా ఈయన నిజంగా ఎప్పుడైనా బావుండి బావుందన్నాడా అన్న అనుమానం ఒకటి కొత్తగా పట్టుకుంది. ఆ సాయంత్రమే గ్రైండరు, కెటిల్, గరాటు అన్నీ అట్టపెట్టెలో సర్ది బేస్‌మెంట్‌లో పెట్టేసింది. ఎసిడిటీ ఎక్కువైంది, కాఫీ మానేస్తున్నానని చెప్పింది. మిత్రులకూ అదే మెసేజి పెట్టింది. యోగానంద్ సరే అన్నాడు. తానూ మానేశాడు. పొద్దున్నే వేడినీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగేవాడు.

ఆ తరువాతి వారాలు ప్రసూనకు గడవడం కష్టమైంది. తిండి సహించక చిక్కిపోయింది. పెరుగన్నం, చల్లటి యాపిల్ ముక్కలు, అంతకు మించి ఏదీ నోటికి పోయేది కాదు. జెర్సీ సిటీలో ఉన్న కూతురు అనన్య వీడియో కాల్ చేస్తే కెమెరా దూరంగా పెట్టుకునేది. సుధ ఫోన్ చేస్తే తరువాత మాట్లాడతాననేది. మతిమరుపు వచ్చిందనుకుంటున్న వాళ్ళ ఎదుటికి ఏ మొహంతో వెళ్ళాలో తెలియలేదు. తను చెప్పని నిజానికి బదులు వాళ్ళు అంతకన్నా పెద్ద అబద్ధం అల్లుకున్నారు, అది తన వల్లే అని కూడా తెలుసు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం బాగా మంచు పడింది. యోగానంద్ మంచు తీస్తానని గరాజ్‌లోకి వెళ్ళి చాలాసేపైంది. పార చప్పుడు లేదు. ఈ వయసులో మంచు తీస్తూ గుండె పట్టుకుని పడిపోయినవాళ్ళను ఆమె ఆపరేషన్ బల్ల మీద చూసింది. కోటు కూడా వేసుకోకుండా గరాజ్ తలుపు తీసింది.

యోగానంద్ కారు వెనక, మడత కుర్చీలో, లావుపాటి కోటూ ఉలెన్ టోపీతో కూర్చుని ఉన్నాడు. పక్కన పెయింటు డబ్బా మీద ఫ్లాస్కు, ఇన్‌స్టంట్ కాఫీ డబ్బా, ఒక చెంచా. చేతిలో కాగితం కప్పు. కార్లు వచ్చే పెద్ద తలుపును జానెడు ఎత్తి పెట్టాడు, వాసన బయటికి పోవడానికి. అందులోంచి చలిగాలి రివ్వున కొడుతోంది. ఆయన ముక్కు ఎర్రబడి ఉంది.

భార్యను చూసి కప్పు వెనక్కి దాచబోయి, దాచినా లాభం లేదని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"లోపలికి వెళ్ళు ప్రసూనా. ఇక్కడ స్మెల్ ఉంటుంది. నీకు పడదు."

ఆమె కదల్లేదు. కాలిన టైరు వాసన వస్తూనే ఉంది. ఎప్పుడు తెలిసిందని అడిగింది. ఆయన నెమ్మదిగా చెప్పాడు. కాఫీ మానెయ్యకముందు ఒకరోజు తను వంటింట్లో ఇన్‌స్టంట్ కలుపుకుంటుంటే, ఆమె మేడ మీదికి పరిగెత్తి బాత్రూమ్ తలుపు వేసుకోవడం విన్నాడట. సింకులో పారబోసిన కాఫీ మరకలు అంతకుముందే చూశాడట. ఎసిడిటీ అని ఆమె అనగానే అది కాదని తెలిసిందట.

"అడగొచ్చు కదండీ."

"నువ్వు చెప్పొద్దనుకున్నావు. బలవంతం చేయడం ఎందుకని." కప్పు వైపు చూస్తూ ఇంకో మాట అన్నాడు. "నాకు కాఫీ గురించి ఏం తెలుసు ప్రసూనా. నువ్వు చేతికిచ్చినప్పుడు నీ మొహం చూసేవాణ్ణి. నీకు నచ్చితే నాకు బావుండేది. నువ్వు మొహం బిగబట్టుకుని ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకూ రుచి లేదు. అయినా పొద్దున్నే తాగకపోతే తలనొప్పి."

ఆమె కారుకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది. చాలా వారాల తరువాత మనసారా ఏడ్చింది, మధ్యలో నవ్వొచ్చింది కూడా. ఇంత పెద్ద ఇల్లు పెట్టుకుని, మనిషి మంచులో కారు వెనక దొంగతనంగా కాఫీ తాగడమేమిటి. ఆయన తన కోటు విప్పి ఆమె మీద కప్పి, మిగిలిన కాఫీని మంచులో పారబోసి వచ్చాడు.

ఆ సాయంత్రం అనన్యకు అంతా చెప్పారు. "అమ్మా, నువ్వు డాక్టర్‌ని చూడు. నేనే డాక్టర్ అని చెప్పకు, ప్లీజ్," అంది ఆ అమ్మాయి. అపాయింట్‌మెంట్ కూడా తనే బుక్ చేసింది. ముక్కు డాక్టరు లోపల అంతా చూసి, నరం చచ్చిపోలేదు, దారి తప్పింది, దానికి మళ్ళీ దారి నేర్పాలి అన్నాడు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెల సీసాలు నాలుగు ఇచ్చి, రోజూ రెండు పూటలా ఒక్కొక్కటీ కాసేపు వాసన చూస్తూ, అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోమన్నాడు. నెలలు పడుతుందన్నాడు.

ప్రసూన శ్రద్ధగానే చేసింది. కానీ గులాబీ నూనె ఆమెకు ఏమవుతుంది? గులాబీని తలచుకుంటే ఏమీ కదిలేది కాదు. మంచు కరిగే రోజుల్లో ఒక ఉదయం సీసాలు పక్కకు తోసి, కాఫీతోనే ఎందుకు చేయకూడదు అనుకుంది. తన జబ్బు గురించి పరిశోధనలు చదివింది. గింజ ముదురుగా వేగే కొద్దీ పుట్టే పదార్థాలే ఎక్కువగా ఆ కంపుకు కారణమని అందులో ఉంది. అయితే బాగా తేలికగా వేయించిన గింజలతో మొదలుపెట్టవచ్చు. కానీ దారి చెప్పడానికి పనిచేసే ముక్కు ఒకటి పక్కన ఉండాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే.

బేస్‌మెంట్ నుంచి పెట్టె పైకి వచ్చింది. కిటికీలన్నీ తెరిచి, ప్రసూన హాల్లో దూరంగా కూర్చుని చెప్తుంటే యోగానంద్ వంటింట్లో చేసేవాడు. మొదటిరోజు నీళ్ళన్నీ ఒకేసారి కుమ్మరించాడు. పొడి గరాటు అంచుదాకా పొంగి బల్ల మీదికి కారింది. కాంక్రీటు పోస్తున్నారా అని ఆమె హాల్లోంచి అంది. కాంక్రీటు అయితే తను బాగానే పోసేవాణ్ణన్నాడు. వారం తిరిగేసరికి ధార సన్నబడింది. ఇంజనీరు చెయ్యి కదా, ఒకసారి పట్టుబడ్డాక వణకలేదు.

చిక్కంతా మాటలతో వచ్చింది. వాసన ఎలా ఉందని ఆమె అడిగితే కాఫీలా ఉందనేవాడు. ఆ మాట ఒప్పుకోనని ఆమె పట్టుబట్టింది. బావుంది అన్న మాట కూడా ఈ ఇంట్లో ఇక చెల్లదని చెప్పింది. తన కళ్ళకు కట్టేలా చెప్పాలి. ఆయన కప్పు మీదికి వంగి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉండేవాడు. మొదట్లో అన్నీ ఉద్యోగపు వాసనలే వచ్చాయి. తడిసిన కంకర. ఎండలో కొత్త చెక్క. వసంతంలో ఐసు విరిగాక ఫాక్స్ నది ఒడ్డు. ఒకరోజు గ్వాటెమాలా గింజల మీద వంగినవాడు ఎంతకీ తల ఎత్తలేదు.

"కందుకూరు దగ్గర మా మేనమామ గారి పొగాకు బ్యారన్," అన్నాడు చివరికి. "ఆకు క్యూరింగ్ అవుతున్నప్పుడు తలుపు తీస్తే ఇలాగే ఉండేది. తియ్యగా, వేడిగా. టెన్త్ క్లాస్ సెలవుల్లో అక్కడే పనిచేశాను. కాపలా పడుకునేవాణ్ణి."

ఇన్నేళ్ళ కాపురంలో, ఆకును వేడికి ఆరబెట్టే ఆ బ్యారన్ సంగతి ఆమె ఎన్నడూ వినలేదు. ఇంకా చెప్పమంది. మేనమామ కోపం, మంట ఎక్కువైతే ఆకు మాడిపోతుందన్న భయం, కూలివాళ్ళు కాల్చిపెట్టిన మొక్కజొన్న కండెలు, అన్నీ చెప్పాడు. కాఫీ చల్లబడిపోయింది. మర్నాడు మరో గింజ నుంచి మరో సంగతి వచ్చింది. నోరు విప్పని మనిషి అని తను అనుకున్నాయన దగ్గర ఇన్ని కబుర్లు ఉన్నాయని ఆమెకు ఇప్పుడే తెలిసింది. వాసన రాకపోయినా ఉదయాలు మళ్ళీ నిండుగా గడిచాయి. హాల్లో కూర్చునే ఆమె కుర్చీ రోజుకు కాస్త వంటింటి వైపు జరిగింది. టైరు కంపు ఇంకా ఉంది, కానీ కడుపులో తిప్పేది కాదు.

జూన్‌లో అనన్య అరకు గింజల పొట్లం పంపింది. విశాఖ మన్యంలో పండినవి, చాలా తేలికగా వేయించినవి. యోగానంద్ గ్రైండరు తిప్పాడు. ప్రసూన టైరు కోసం ఎదురుచూసింది. అది ఆలస్యంగా, దూరంగా వచ్చింది, పక్క వీధిలో ఎవరో కాలుస్తున్నట్టు. ఆయన నీళ్ళు పోశాడు. అప్పుడు ఆ కంపు పక్కనుంచి సన్నగా, సూది మొనలా, ఇంకేదో వచ్చింది. వచ్చి వెంటనే పోయింది.

ఏమీ చెప్పొద్దని ఆయనను చేత్తో వారించి, కప్పు దగ్గరికి వెళ్ళి వంగింది. మళ్ళీ వచ్చింది. బత్తాయి తొక్క. గోరుతో గిల్లితే చిమ్మే చుక్కల వాసన.

ఆమె తన ముక్కును నమ్మలేదు. పేషెంటు ఆశపడి లేనిది ఉందనుకోవడం ఆమె ఎంతో చూసింది. పరీక్ష పెట్టమంది. కళ్ళకు తువ్వాలు కట్టుకుని అటు తిరిగి కూర్చుంటే, యోగానంద్ ఒక కప్పులో వేడినీళ్ళు, ఒక కప్పులో టీ, ఒక కప్పులో అరకు కాఫీ పోసి, వరస మార్చి మార్చి ముక్కు కింద పెట్టాడు. నీళ్ళకు ఏమీ లేదంది. టీకి ఏదో ఉంది గానీ తెలియలేదంది. మూడో కప్పు పెట్టగానే, "బత్తాయి," అంది. వరస మార్చాడు. మళ్ళీ సరిగ్గా చెప్పింది. ఇంకోసారి, ఇంకోసారి. ఆయన జవాబివ్వడం మానేశాడు. ఎందుకు మాట్లాడడం లేదని తువ్వాలు తీసి చూస్తే, కప్పు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంటున్నాడు. చొక్కా మీద కాఫీ ఒలికింది.

ఆ మధ్యాహ్నమే ఆమె సుధకూ, రావుగారికీ ఫోన్ చేసి శనివారం రమ్మంది. వాళ్ళు వచ్చి కూర్చోగానే, కాఫీ ఇవ్వకముందే అంతా చెప్పింది. జబ్బు, దాపరికం, ఇంగువ సీసా, ఆ రోజు కారు పక్కన తను విన్న మాటలు.

రావుగారు తల వంచుకున్నాడు. "ఎదురుగా చెప్పాల్సింది ప్రసూనమ్మా. నేను కప్పు ఖాళీ చేసి, బయటికెళ్ళి డయాగ్నోసిస్ ఇచ్చాను. సారీ."

"ముందు దాచింది నేనే కదా," అంది ప్రసూన. "ఇంగువతో కప్పు ఖాళీ చేశారంటే, మీకు నా మీద ఎంత అభిమానమో అర్థమైందిలెండి."

అందరికన్నా ముందు సుధ నవ్వింది. ఆ నవ్వు అందరికీ అంటుకుని చాలాసేపు ఆగలేదు. తరువాత యోగానంద్ కాఫీ పోశాడు. గరాటు చుట్టూ ఆయన చెయ్యి తిరుగుతుంటే ఇద్దరూ వింతగా చూశారు. తాగాక, ఇది ఎలా ఉందో తిన్నగా చెప్పాలని ప్రసూన అందరికీ షరతు పెట్టింది. రావుగారు కొంచెం పల్చగా ఉందన్నాడు. యోగానంద్ ఒప్పుకుని, మరో గరిటె పొడి వేసి మళ్ళీ చేశాడు.

ప్రసూన ముక్కు పూర్తిగా బాగుపడలేదు. కొన్ని ఉదయాలు ఉన్నట్టుండి టైరు తిరిగొస్తుంది. ఉల్లిపాయ ఇంకా కంపే. ఇథియోపియా గింజల మల్లెపూల వాసన మళ్ళీ రాలేదు. కానీ శరత్తు వచ్చేసరికి బెల్లం పాకం వాసన ఒకటి చేరింది, ఆ తరువాత తడిమట్టి. ఏది వచ్చినా అందరికీ చెప్పేది. అది విని, ఒక శనివారం సుధ తనతో కృతి అనే అమ్మాయిని తీసుకొచ్చింది. మందుల షాపుకు వచ్చే కస్టమరు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి భర్త ఉద్యోగం మారి అరోరా వచ్చిన కొత్త, ఒళ్ళో ఆరు నెలల పాప. కాన్పుకు ముందు కోవిడ్ వచ్చి వాసన పోయింది, ఇంతవరకూ రాలేదు.

"పాప తల దగ్గర ఏదో స్మెల్ ఉంటదంట కదా ఆంటీ. అందరూ చెప్తున్నరు. నాకు తెల్వనే తెల్వదు," అంది కృతి. అది చెప్తున్నప్పుడు ఆమె పాప వైపు చూడలేదు.

వస్తుందని మాట ఇవ్వలేనని ప్రసూన సూటిగా చెప్పింది. కొందరికి రాదని కూడా చెప్పింది. తన ముక్కు ఎలా దారి తప్పిందో, ఎలా కొద్దికొద్దిగా తిరిగొస్తోందో, ఆ కొద్దికే తను ఎంత పొంగిపోతోందో చెప్పి, పాపను తన ఒళ్ళోకి తీసుకుంది. వంగి ఆ నడినెత్తి మీద ముక్కు ఆనించింది. తనకు అందినంత వరకు అక్కడ ఏముందో వెతికి, తొందరపడకుండా, ఒక్కొక్క మాటే కృతికి చెప్పసాగింది. కొంచెం గోరువెచ్చని పాలు. కొంచెం ఎండలో ఆరిన మెత్తటి గుడ్డ. కృతి కళ్ళు మూసుకుని వింది.

ఈలోగా యోగానంద్ కప్పు తెచ్చి కృతి ముందు పెట్టాడు. ఆమె రెండు చేతులా పట్టుకుని ఆవిరి పీల్చింది. అందరూ ఆమె మొహం వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించారు.

"ఏమన్నా తెలిసిందామ్మా?"

"లేదంకుల్."

"పర్లేదు," అన్నాడాయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటూ. "వేడిగా ఉన్నప్పుడు ఇది పెద్దగా మాట్లాడదు. కాస్త చల్లారనీ. మళ్ళీ చూద్దాం."